శమంతకమణి - ప్రతిగ్రహధర్మము

భాద్రపద శుద్ధ చవితినాడు తెలుగువారి ప్రతిగృహమునందును శమంతకోపాఖ్యానము వినబడును. పూజ ముగిసిన పిదప ఇంటి పెద్దలు కథ చదువుచుండగా పిల్లలు చేతులలో అక్షతలు పట్టుకొని విందురు. కథాంతమున ఆ అక్షతలు శిరస్సుపై చల్లుకొని, చంద్రుని చూచినను నీలాపనిందలు కలుగవని తృప్తి నొందుదురు. ఈ ఆచారము మంగళకరమైనదే. కాని స్వామికి నింద యెట్లు వచ్చినదో తెలిసికొన్నవారు, ఆ నింద తొలగిన తరువాత స్వామి దేనిని నిరాకరించెనో అంతగా విచారింపరు. అధికారము గలవారు ధనవంతుల కానుకలను స్వీకరింపవచ్చునా? స్వీకరించినచో ప్రజావిశ్వాసమున కేమగును? ఈ ప్రశ్నలకు సమాధానము ఆ ఉపాఖ్యానముననే కలదు.

మణిని స్వామి ఏల స్వీకరింపలేదు?

సత్రాజిత్తు సూర్యోపాసకుడు. సూర్యభగవానుని అనుగ్రహమున ఆతనికి లభించిన మణి దినమునకు ఎనిమిది బారువుల బంగారము నిచ్చెడిది. అట్టి మణి యదురాజైన ఉగ్రసేనునియొద్ద ఉండుట ఉచితమని శ్రీకృష్ణుడు అడిగెను. సత్రాజిత్తు ఈయలేదు, స్వామి బలవంతము చేయలేదు. కొంతకాలమునకు సత్రాజిత్తు తమ్ముడు ప్రసేనుడు మణిని ధరించి వేటకు పోయి సింహముచేత మరణించెను. ఆ సింహమును చంపి జాంబవంతుడు మణిని గొనిపోయెను. నాడు మణి నడిగిన కృష్ణుడే నేడు తన తమ్ముని చంపించెనని సత్రాజిత్తు అనుమానించెను. ఆ మాట గుసగుసగా ద్వారకయంతయు ప్రాకెను.

కృష్ణుడు మణిని రాజునకై అడిగెనే కాని తనకై అడుగలేదు. అయినను, బలము గలవాడు ధనవంతుని వస్తువును అడిగినంతమాత్రముననే లోకమున అనుమానమునకు తావు కలిగెను. అంతట స్వామి తాను నిర్దోషినని ప్రకటించి ఊరకుండలేదు. నిందించినవారిని దండింపలేదు. పౌరులను వెంటబెట్టుకొని అడవికి పోయి, ప్రసేనుని కళేబరమును, సింహపు అడుగుజాడలను, భల్లూకపు గుహను వారి కన్నులకే చూపెను. ఇరువది యెనిమిది దినములు జాంబవంతునితో పోరాడి మణిని తెచ్చి, రాజసమక్షమున నిండుసభకు సత్రాజిత్తును పిలిపించి, జరిగినదంతయు వివరించి, మణిని ఆతని చేతి కిచ్చెను.

సిగ్గుపడిన సత్రాజిత్తు తన కుమార్తె సత్యభామతోపాటు మణినికూడ స్వామి కర్పించెను. స్వామి సత్యభామను పరిగ్రహించెను. మణిని మాత్రము సత్రాజిత్తునొద్దనే ఉండుమని త్రిప్పి పంపెను. ఈ నిరాకరణమే కథకు ప్రాణము. అర్పించినది న్యాయముగా, ప్రేమతో అర్పించినదే. అయినను ఏ మణికై నింద పుట్టెనో ఆ మణియే స్వామి భండారమున నిలిచియుండినచో, అడుగుటయు, వెదకుటయు, పోరాడుటయు దీనికొరకే యని లోకము తలంచును. సంపద దక్కును, విశ్వాసము పోవును. స్వామి విశ్వాసమును నిలుపుకొని సంపదను విడిచెను.

కథ అంతటితో ముగియలేదు. సత్రాజిత్తు మరణానంతరము మణి అక్రూరుని చేరినప్పుడు, ఈ విషయమున అన్నయైన బలరామునకే పూర్తి నమ్మకము లేదని గ్రహించి, స్వామి అక్రూరునిచేత బంధువులందరియెదుట మణిని చూపించి మరల ఆతనికే యిచ్చెను. సాక్షాత్తు భగవానుడే రెండుమారులు లోకమునకు లెక్క చెప్పియుండగా, లెక్క చెప్పనక్కరలేదని భావించుటకు మానవమాత్రుని కేమి అర్హత కలదు?

దానమునకు కొలత

గీతయందు 17వ అధ్యాయమున భగవానుడు దానమును మూడు విధములుగా విభజించెను. ఈయదగినదను బుద్ధితో, దేశకాలపాత్రముల నెరిగి, తిరిగి ఉపకారము చేయజాలనివాని కిచ్చునది సాత్త్వికము. ప్రత్యుపకారమునుగాని ఫలమునుగాని కోరి, మనస్సు నొచ్చుకొనుచు ఇచ్చునది రాజసము. అపాత్రునకు అనాదరముతో ఇచ్చునది తామసము.

ఈ విభాగమున తిరిగి ఉపకారము చేయజాలనివాడు అను లక్షణము మిక్కిలి సూక్ష్మమైనది. దాత మనస్సులో ఏమున్నదో ఇతరులకు తెలియదు. కాని పుచ్చుకొనువాడు తిరిగి ఉపకారము చేయగలవాడా కాడా అనునది అందరికిని తెలియును. ఆకలిగొన్నవానికి అన్నము పెట్టినచో ఆతడు తిరిగి యిచ్చునది ఆశీర్వచనమే. చెరువు పనికి, రహదారి పనికి, గనులకు, భూములకు అనుమతి నీయగల చేతిలో ఒక సంపన్నుడు కానుక నుంచినచో, ఆ చేయి తిరిగి యీయగలిగినది చాల యున్నది. కావున అధికారమునం దున్నవాని కిచ్చిన కానుక, ఎంత వినయముతో నిచ్చినను, ఎంత శుభసమయమున నిచ్చినను, సాత్త్వికదానపు కొలతకు నిలువదు. దోషము ఒక్కొక్కప్పుడు దాత యుద్దేశమున లేకపోవచ్చును. కాని ప్రతిగ్రహీత పదవియందే కలదు.

ధర్మశాస్త్రకారులు ప్రతిగ్రహమును, అనగా దానము పుచ్చుకొనుటను, బ్రాహ్మణునకు జీవనోపాయముగా అనుమతించిరి. అనుమతించుచునే, అర్హత యున్నవాడుకూడ దానియందు ఆసక్తి పెంచుకొనరాదనియు, పుచ్చుకొన్నకొలది తేజస్సు చల్లారుననియు హెచ్చరించిరి. అదియే వృత్తిగా గలవానికే ఇట్టి హెచ్చరిక యున్నచో, ప్రజల పన్నులనుండి జీతము గొనుచు ప్రజలపనికి నియుక్తుడైనవానికి ఎంత జాగరూకత కావలెనో ఊహింపవచ్చును.

మేడిపండ్లలో బంగారము

మహాభారతము ఆనుశాసనిక పర్వమున ఒక యుపాఖ్యానము కలదు. ఘోరక్షామమున సప్తర్షులు ఆకలితో తిరుగుచుండిరి. వృషాదర్భి యను రాజు వారికి గోవులను, గ్రామములను, ధాన్యమును ఈయజూచెను. రాజప్రతిగ్రహము మొదట తీయగా నుండి తుదకు విషమగునని వారు నిరాకరించిరి. అంతట రాజభృత్యులు మేడిపండ్లలో బంగారము దాచి వారి త్రోవలో నుంచిరి. అత్రిమహర్షి ఒక పండును చేతబట్టి, దాని బరువునుబట్టియే లోపలి మర్మము గ్రహించి, తాము నిద్రించుచున్నవారము కామని పలికి విడిచివేసెను. ఋషులందరు ఆకలితోనే ముందునకు సాగిరి.

బహిరంగముగా నిచ్చిన గోవులను వద్దన్నవారికి రహస్యముగా బంగారము పంపుట లోకమున నేటికిని పోలేదు. పండుగ కానుక, కుమార్తె వివాహమునకు సాయము, పుట్టినరోజు బహుమానము, బంధువుల సంస్థలో వాటా - ఇవన్నియు మేడిపండ్లే. పైకి పండు, లోపల బరువు వేరు. ఆ బరువు మొదట తెలియునది పుచ్చుకొన్న చేతికే. తెలియలేదనుట అసత్యము.

నల్లగొండ, పాలమూరు సీమల సాక్ష్యము

ఈ ధర్మమును పురాణములయందే వెదకనక్కరలేదు. యాదగిరి నరసింహుడు వెలసిన నల్లగొండ సీమయు, సంస్థానములకు నిలయమైన పాలమూరు సీమయు దీనికి సాక్ష్యము పలుకును.

నిజాం ప్రభుత్వకాలమున దర్బారునందు నజరు సమర్పించుట మర్యాదగా నుండెను. జాగీర్దారులును ఉద్యోగులును ప్రభువుకు బంగారు అష్రఫీలు సమర్పించుచుండిరి. పల్లెలలో ఆ మర్యాదయే నజరానా యను పేర పేదరైతు నెత్తిపై పడెను. దొర గడీలో పెండ్లి జరిగినను, బిడ్డ పుట్టినను రైతు కానుక చెల్లింపవలసి యుండెను. దానికి తోడు వెట్టిచాకిరి. పైమెట్టున కానుక సమర్పించినవాడు క్రిందిమెట్టువానినుండి దానిని రాబట్టుకొనుచుండెను. బంగారుపళ్ళెములో వెలిగిన అష్రఫీ యొక్క మూలము ఏ రైతు కల్లములోనో ఉండెడిది. కానుక ఎంత పైకి పోయినను దాని వెల క్రిందివాడే చెల్లించుననుట ఆనాటి చరిత్ర నేర్పిన పాఠము.

రాచకొండ దుర్గమునకు సంబంధించిన ఒక గాథ ఈ ప్రాంతమున ప్రసిద్ధము. బమ్మెర పోతనామాత్యుడు భాగవతమును ఆ కొండనేలిన సర్వజ్ఞ సింగభూపాలున కంకితమీయ నిరాకరించి శ్రీరామచంద్రునకే సమర్పించెనని లోకప్రతీతి. రాజసత్కారమును పొందిన కవులు ఎందరో కలరు. వారి పేళ్ళు పండితులకు తెలియును. పొందనొల్లని కవి పేరు పశులకాపరికిని తెలియును.

అయినచో ధనవంతులనుండి ఎన్నడును ఏమియు పుచ్చుకొనరాదా? పుచ్చుకొనవచ్చును, పుచ్చుకొను విధము వేరు. పాలమూరు సీమలో వనపర్తి ప్రాంతమున 1869లో జన్మించిన రాజబహద్దూర్ వెంకటరామారెడ్డి పోలీసు శాఖలో ఎదిగి 1920లో హైదరాబాదు నగర కొత్వాలయ్యెను. గ్రామములనుండి చదువునకై వచ్చు బాలురకు నిలువనీడ లేకుండుట చూచి, సంస్థానాధీశుల, దేశముఖుల విరాళములతో 1918లో హైదరాబాదున రెడ్డి హాస్టలు వెలయుటకు ఆయన మూలస్తంభముగా నిలిచెను. గోలకొండ పత్రిక స్థాపకుడైన సురవరం ప్రతాపరెడ్డి దానికి కార్యదర్శిగా పనిచేసెను. పోలీసు అధికారి అడిగినచో కాదనుట ఎవరికైనను కష్టమే. కావున ఇట్టిచోట ప్రమాద మెప్పుడును పొంచియుండును. కాని ఆ విరాళములు భవనమై, విద్యార్థుల భోజనమై, ఎల్లరకు కన్నుల యెదుట నిలిచినవి. పుచ్చుకొన్న ధనము ఎచ్చటికి పోయినదో అడుగవలసిన పని లేకపోయెను.

అంతకంటె నిర్మలమైన దృష్టాంతము పోచంపల్లి. 1951 ఏప్రిల్‌లో శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనమునకు కాలినడకన వచ్చిన ఆచార్య వినోబా భావే, అటనుండి తెలంగాణ పల్లెలలో పాదయాత్ర చేయుచు ఏప్రిల్ 18న నాటి నల్లగొండ జిల్లాలోని పోచంపల్లి చేరెను. అచ్చటి నలువది హరిజన కుటుంబములవారు తమకు ఎనుబది ఎకరముల భూమి కావలెనని కోరిరి. ప్రభుత్వమునకు విన్నవించుటకు ముందు, గ్రామస్థులలోనే ఈయగలవారు కలరాయని వినోబా అడిగెను. వెదిరె రామచంద్రారెడ్డి లేచి నూరెకరములు ఇచ్చుచున్నానని పలికెను. నాటి సాయంకాలము ప్రార్థనసభలో ఆ దానము ప్రకటింపబడెను. భూదానోద్యమము అచ్చటనే పుట్టెను. ఆ గ్రామము భూదాన్ పోచంపల్లి యయ్యెను.

ఈ దానమున ప్రతిగ్రహధర్మము సర్వము కలదు. అడిగినవానికి పదవి లేదు. కావున తిరిగి ఉపకారము చేయుటకు ఆతనికి అధికారము లేదు. ఆతడు సెంటు భూమియైనను తనకై ఉంచుకొనలేదు. ఇచ్చినది, పుచ్చుకొన్నది, ఎవరికొరకో ఆ వివరము, అంతయు ఊరివారియెదుట ఒకేదినమున జరిగెను. తరువాతి కాలమున దేశమందు లక్షలకొలది ఎకరములు భూదానముగా ప్రకటింపబడినను, అందులో చాలభాగము పేదలకు చేరనేలేదు. మాటయందు దానమై చేతయందు కానిచో విశ్వాసము మరల సడలుననుటకు అదియును గుర్తే.

ఆ సీమలోనే బొల్లేపల్లి గ్రామమున భూస్వామి కుటుంబమున జన్మించిన రావి నారాయణరెడ్డి తన సొంతభూమి 500 ఎకరములు పేదలకు పంచిపెట్టెను. 1952 సార్వత్రిక ఎన్నికలలో నల్లగొండనుండి లోకసభకు పోటీచేసిన ఆయనకు దేశమున ఎల్లరకంటె, ప్రధాని నెహ్రూకంటెను, అధికముగా ఓట్లు వచ్చెను. ఆయన రాజకీయ సిద్ధాంతము అందరికి సమ్మతము కాకపోవచ్చును. కాని పుచ్చుకొనుటకుగాక ఇచ్చుటకు చాచిన చేతిని ప్రజలు గుర్తుంచుకొందురనుటలో సందేహము లేదు.

పేరులేని కానుక

కాలము మారినది. నేడు సంపన్నుల కానుకలు నాయకులకేకాక పార్టీలకును చేరుచున్నవి. ఎన్నికల ప్రచారమునకు ధనము కావలెను. ఇది కాదనరాని విషయము. అందుచేతనే 20,000 రూపాయలకు మించిన విరాళముల వివరమును పార్టీలు ఎన్నికల సంఘమునకు తెలుపవలెనని చట్టము విధించినది. 2018లో ఎన్నికల బాండ్ల పథకము వచ్చెను. స్టేట్ బ్యాంకులో బాండు కొని పార్టీకి ఈయవచ్చును. ఇచ్చినవాని పేరు ప్రజలకు తెలియదు. ఆరేండ్లలో ఈ మార్గమున 16,000 కోట్ల రూపాయలకు పైగా ధనము పార్టీలకు చేరెను. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఏకగ్రీవముగా ఆ పథకమును కొట్టివేసెను. తాను ఓటువేయు పార్టీకి ధనము ఎచ్చటినుండి వచ్చుచున్నదో తెలిసికొను హక్కు ఓటరునకు కలదని తీర్పు చెప్పెను. మరుసటి నెలలో ఇచ్చినవారి పేళ్ళు, పొందినవారి పేళ్ళు ప్రజలముందునకు వచ్చినవి.

బాండు ఇచ్చినవారందరును దురుద్దేశముతోనే ఇచ్చిరని చెప్పుట ధర్మము కాదు. కాని పేరు దాచిన కానుక మేడిపండులోని బంగారము వంటిది. దాచుటవలననే మంచివాని కానుకయు చెడ్డవాని కానుకవలె కనబడును. నిర్దోషియైన స్వామికే సభలో లెక్క చెప్పుట అవసరమైనది గదా!

హుండీయును నాయకుని హస్తమును

ఇచట ఒక ఆక్షేపము రావచ్చును. యాదగిరిగుట్టకు పోవు భక్తుడును కోరికతోనే హుండీలో కానుక వేయుచున్నాడు. స్వామికంటె తిరిగి ఉపకారము చేయగలవాడెవడు? అట్లయినచో ఆ కానుకయు దోషమేనా?

కోరికతో నిచ్చినది సాత్త్వికము కాదనుట నిజమే. భక్తి పండినకొలది కోరిక రాలిపోవలెను. కాని స్వామికిని నాయకునకును ఒక మహాభేదము కలదు. స్వామి ఒకనికి అనుగ్రహించునప్పుడు మరియొకనిదానిని తీసికొని యీయడు. ఆయన కృప పంచినకొలది తరుగదు. నాయకుడు దాతకు తిరిగి యిచ్చునది తన సొమ్ము కాదు. ప్రజలు నమ్మి అప్పగించిన నిక్షేపము. ఒకనికి దక్కవలసిన పని మరియొకనికి పోవును; ఊరికి రావలసిన నీరు మరియొక దిక్కునకు పారును.

నృగమహారాజు చరితము దీనినే బోధించును. ఆయన లెక్కలేనన్ని గోవులను దానమిచ్చినవాడు. ఒకమారు, ఇదివరకే ఒక బ్రాహ్మణున కిచ్చిన గోవు తప్పించుకొని తిరిగివచ్చి మందలో కలిసెను. తెలియక దానిని మరియొకని కిచ్చెను. ఆ యొక్క దోషమున తొండయై బావిలో పడియుండి, శ్రీకృష్ణుని కరస్పర్శచే విముక్తుడయ్యెను. తెలియక పరుని సొమ్ము నిచ్చినవానికే అట్టి గతి పట్టినచో, తెలిసి ప్రజల సొమ్మును ప్రత్యుపకారముగా ధారపోయువాని గతి యేమి?

ఆలయపు హుండీని భక్తులకు తెలిసిన దినమున, పలువురి సమక్షమున తెరచి లెక్కింతురు, మొత్తమును ప్రకటింతురు. 2025 ఫిబ్రవరి 23న యాదగిరిగుట్ట స్వర్ణవిమానమునకు మహాకుంభాభిషేకము జరిగెను. భక్తుల కానుకలు చేరిన ఆ బంగారము ఏ పెట్టెలోను దాగియుండలేదు. కొండ ఎక్కువారందరికి సూర్యకాంతిలో కనబడుచున్నది. దేవునిసొమ్మునకు ఉన్న ఈ వెలుగు ప్రజలసొమ్మునకును ఉండవలెను. ప్రజానాయకుడు తనను ప్రభువునని గాక ధర్మకర్తనని భావించినచో ఈ వెలుగునకు భయపడడు.

మధూకరము

మరి నిర్ధనుడైన సజ్జనుడు ఎన్నికలలో ఎట్లు నిలుచును? పూర్వము పాఠశాల విద్యార్థులు మధూకరము ఎత్తుకొని చదువుకొనెడివారు. తేనెటీగ అనేక పుష్పములనుండి కొంచెము కొంచెము గ్రహించును. ఏ పువ్వును వాడిపోదు, ఏ పువ్వునకును తేనెటీగ బానిస కాదు. విద్యార్థి ఏడిండ్ల ముంగిట నిలిచి పిడికెడన్నము గైకొనెడివాడు. అది ఊరందరియెదుట జరిగెడిది. ఎవరింటి అన్నమునకు ఆతడు ఋణపడెనని అడిగినచో, ఊరికంతకు అనియే సమాధానము. ఒకేయింట సంవత్సరమంతయు భుజించినవాడు ఆ యింటి యజమానుని మాట కాదనలేడు. వేలమంది ఇచ్చిన పదేసి రూపాయలతో నిలిచిన నాయకుడు వేలమందికి ఋణపడును. అట్టి ఋణమునకే ప్రజాసేవ యని పేరు.

గృహస్థుల కర్తవ్యము

ఇదంతయు నాయకులకు చెప్పవలసిన ధర్మమని గృహస్థులు తృప్తిపడరాదు. 2022 నవంబరు 3న నల్లగొండ జిల్లా మునుగోడు ఉపఎన్నిక జరిగినప్పుడు, అచ్చట పారిన ధనమును గూర్చి దేశమంతటను చర్చ జరిగెను. నాయకుడు సంపన్నునినుండి పుచ్చుకొన్నదే ఓటరు గడపకు చిన్న కానుకయై చేరును. ఆ కానుకను అందుకొన్న చేయి, పెద్ద కానుకను అందుకొన్న చేతిని ప్రశ్నింపజాలదు. 2018 సవరణ తరువాత అవినీతి నిరోధక చట్టము లంచము పుచ్చుకొన్నవానినేకాక ఇచ్చినవానినిగూడ అపరాధిగా చూచుచున్నది. ధర్మము ఈ మాటను ఏనాడో చెప్పినది.

పదవియం దున్నవాడు కానుకను ముట్టకముందు తన్ను తాను మూడు ప్రశ్నలు వేసికొనవలెను. దీనిని సభలో చెప్పి పుచ్చుకొనగలనా? దీనిలో నాకై ఏమైనను మిగులునా? ఇచ్చినవాడు రేపు కోరరానిది కోరినచో, కాదనుటకు నా నాలుక స్వేచ్ఛగా ఆడునా? ఈ మూటిలో ఏ యొక్కదానికి సరియైన సమాధానము రాకున్నను, స్వామివలె మణిని త్రిప్పి పంపుటయే క్షేమము. ఓటరును తన గడపకు వచ్చిన కానుకను ఈ ప్రశ్నలతోనే కొలువవలెను.

రాబోవు చవితినాడు కథ చదువు పెద్దలు నిందవచ్చిన ఘట్టముతో తొందరపడి ముగింపక, సభలో మణిని అప్పగించిన ఘట్టమును, అర్పించిన మణిని స్వామి వలదన్న ఘట్టమును పిల్లలకు నిదానముగా వినిపింతురుగాక. ఆ పిల్లలలో ఎవడు రేపు గ్రామమునకు సర్పంచియగునో, రాష్ట్రమునకు మంత్రియగునో తెలియదు. చేతిలో అక్షతలు పట్టుకొని విన్న మాట, చేతిలోనికి కానుక వచ్చిననాడు జ్ఞప్తికి వచ్చునట్లు శ్రీ యాదగిరి లక్ష్మీనరసింహస్వామి అనుగ్రహించుగాక.